వెలుతురు రాని గొట్టం

తొంభైల్లో, అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో నేను ఎన్‌సీసీ క్యాడెట్‌ని. ఫైరింగ్ ప్రాక్టీసుకి ముందురోజు రైఫిళ్లు శుభ్రం చేస్తుంటే, నా రైఫిల్లో తూటా కూర్చునే చోట మసి గట్టిగా పేరుకుపోయి ఉంది. ఇత్తడి బ్రష్షు అరిగిపోయింది. స్క్రూడ్రైవరుతో గీకితే లోపల గీతలు పడతాయని భయం.

నా స్నేహితురాలు, తోటి క్యాడెట్ సత్యవతి వాళ్లది కొబ్బరితోట. "కొబ్బరీనె ఉండగా ఇనుమెందుకే?" అంటూ ఈనెకి నూనెగుడ్డ చుట్టి, లోపలికి తోసి తిప్పింది. మసి ఊడొచ్చింది. ఈనె కొస విరిగి గుడ్డతో సహా గొట్టంలోనే ఉండిపోయిన సంగతి ఇద్దరం గమనించలేదు.

మర్నాడు ఫైరింగ్ మైదానంలో బోర్లా పడుకుని తూటా కోసం చెయ్యి చాపాను. మాకు శిక్షణ ఇచ్చే హవల్దారుగారు తూటా ఇవ్వకుండా రైఫిలు అందుకున్నారు. బోల్టు తీసి, గొట్టాన్ని ఆకాశంకేసి పెట్టి కన్ను ఆనించారు. చాలాసేపు దించలేదు.

"వెలుతురు రావట్లేదమ్మా. ఇది పేల్చుంటే నీ మొహమ్మీదే పగిలేది. మీ నాన్నగారికి నేనేం చెప్పుకునేవోణ్ణి?" అన్నారు మెల్లగా. ఆయన ఊచ దూర్చి, విరిగిన ఈనె ముక్కని గుడ్డతో సహా బయటికి తోశాకే నాకు భయమేసింది.

సత్యవతి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పటికీ, పొలంలో మందు కొట్టే గొట్టమైనా సరే, ఆకాశంకేసి పెట్టి చూడందే ఎవరి చేతికీ ఇవ్వను.

— ఒక పాఠకురాలు, ముక్తేశ్వరం