గోడ అవతలి గిర్నీ

గంగాకిషన్ బహ్రెయిన్ నుంచి ఇంటికొచ్చిననాడు ఏం తెచ్చిండో చూద్దామని వాడకట్టంత వాకిట్ల జమైంది. టేప్ రికార్డర్ ఉంటదని కొందరు, మిక్సీ ఉంటదని కొందరు అనుకున్నరు. పెట్టె ఇప్పితే గాలి జోరు కొలిచేటందుకు గిర్రున తిరిగే చిన్న గిన్నెల పంక, గాలి దిక్కు చూపే రెక్క, వాన కొలిచే డబ్బ, గాలి బరువు, ఎండ, చెమ్మ కొలిచి అంకెలు చూపించే ఒక మీటర్ పెట్టె బయటపడ్డయి.

"గింతేనా?" అన్నది ఆయన భార్య తార.

"గింతే," అన్నడు గంగాకిషన్.

అక్కడ ఆయన ఎయిర్‌పోర్టుల వాతావరణం చూసే ఆఫీసుల పనిచేసిండు. మొదట్ల గదులు ఊడ్చుడు, సామాన్లు తుడుసుడు. తుడుసుకుంటనే ఏ యంత్రం ఏం చెప్తదో నేర్చుకున్నడు. కొన్నేండ్లకు పైన గాలిపంక మొరాయిస్తే ఇంజనీర్లు ఆయన్నే నిచ్చెనెక్కమనేటోళ్లు. ఆఫీసోళ్లు పాత సామాను తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నడు. ఆర్మూర్‌కొచ్చినంక హైదరాబాద్ పోయి, ఎవరో వాడి అమ్మిన కంప్యూటర్ ఒకటి బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు. అప్పటికి తొంబై ఆరో సంవత్సరం. ఆ వాడకట్టుల ఇంకెవరింట్ల కంప్యూటర్ లేదు.

గాలిపంక, వాన డబ్బ మేడ మీద పెట్టిండు. మీటర్ పెట్టెను మేడ మీది చిన్న అర్రల పెట్టిండు. అక్కడి నుంచి ఒక పొడుగు వైరు గోడ పొంటి దింపి కింద ముందటింట్ల ఉన్న కంప్యూటర్‌కు కలిపిండు. తెర మీద గాలి బరువుకో గీత, ఎండకో గీత, చెమ్మకో గీత మెల్లగ సాగుతుంటే కూసొని చూసుడు ఆయనకు ఎంత ఇష్టమో. పిల్లను నిద్రపుచ్చినట్టు చూస్తవని తార నవ్వేది.

మాఘమాసం పోయి ఎండ ముదిరే రోజుల్ల పసుపు ఉడకపెట్టి కల్లాల్ల ఆరబోస్తరు. ఆ టైముల ఒక్క వాన పడ్డా కొమ్ముల రంగు పోతది, మార్కెట్ల ఎవడు ముట్టడు. అందుకే మెల్లమెల్లగ రైతులు ఆయన ఇంటి దారి పట్టిండ్రు. వేల్పూర్ లింగం మార్కెట్‌కొచ్చినప్పుడల్లా వాకిట్ల నిలబడి, "కిషనన్నా, ఏమంటుంది నీ డబ్బ?" అని అడిగేటోడు. వస్తది, రాదు అని గంగాకిషన్ ఎన్నడు అనలే. "గాలి బరువు తగ్గుతుంది, జర టార్పాలిన్లు దగ్గర పెట్టుకో" అనేటోడు, అంతే.

అసొంటి రోజుల్లనే కంప్యూటర్‌కు లింకు తెగుడు మొదలైంది. గీత బాగనే సాగుతుంటది, ఒక్కసారి ఆగిపోతది. తెర మీద కనెక్షన్ లేదని వస్తది. కొంచెంసేపటికి మళ్ల అదే అందుకుంటది, మళ్ల తెగుతది.

గంగాకిషన్ తొందరపడలే. మేడెక్కి మీటర్ పెట్టె చూసిండు. దాంట్ల అంకెలు బరాబర్ మారుతున్నయి. అంటే పంక మంచిగున్నది, డబ్బ మంచిగున్నది, తప్పు పెట్టెకు కంప్యూటర్‌కు నడుమనే ఉన్నది. కంప్యూటర్ ఎనుక స్క్రూలు బిగించిండు. మౌస్ పెట్టే జాగల వైరు పెట్టి, వైరు జాగల మౌస్ పెట్టి చూసిండు. ఎలుక కొరికిందేమోనని వైరును మొదలుకాడి నుంచి చివరిదాక వేళ్లతోని తడుముకుంట వచ్చిండు. ఆఖరికి నిజామాబాద్ నుంచి కొత్త వైరు తెచ్చి ఏసిండు. అయినా తెగుడు ఆగలే.

"పాతదే కదా, పానం పోయిందేమో," అన్నది తార.

"పానం పోతే మళ్ల ఎట్లొస్తది?" అన్నడు. ఆ మాట తనే అని తనే ఆలోచనల పడ్డడు. పోయి వస్తుందంటే, దాన్ని ఏదో ఆపుతుంది, ఏదో విడుస్తుంది.

ఆదివారం పొద్దటి నుంచి గీత ఒక్కసారి కూడ తెగలే. పగటిపూట అన్నం తినుకుంట గంగాకిషన్ చెవులు రిక్కించిండు. ఇల్లు ఎన్నడు లేనంత నిమ్మళంగ ఉన్నది.

"సాయక్క గిర్నీ నడుస్తలేదా?"

"డిచ్‌పల్లికి పెండ్లికి పోయింది. నిన్ననే చెప్పింది కదా," అన్నది తార.

గోడకు అవతల సాయవ్వ గిర్నీ. మక్కలు, మిరపకాయలు, పసుపు అన్ని అండ్లనే పడుతది. భర్త పోయినంక ఆమె ఒక్కతే నడుపుతుంది. గంగాకిషన్ వైరు దిగేది ఆ గోడ పొంటనే.

తెల్లారి సాయవ్వ రాంగనే గంగాకిషన్ పోయి నిలబడ్డడు. "అక్కా, జర మోటర్ ఆన్ చేసి మళ్ల బంద్ చెయ్. తార లోపల తెర చూస్తది."

"మీ కంప్యూటర్‌కు నా గిర్నీ ఏం జేసింది తమ్మీ?" అనుకుంటనే సాయవ్వ మోటర్ ఆన్ చేసింది.

"తెగింది," అని గోడ అవతలి నుంచి తార అన్నది.

బంద్ చేసినంక కొంచెంసేపటికి, "వచ్చింది," అన్నది.

దొరికిందని గంగాకిషన్‌కు సంబురమైంది. వైరు వేరే దిక్కు మళ్లిస్తే అయిపోతది. ఇంటికి పోదామని మర్లి, సాయవ్వ కాళ్ల దిక్కు చూసిండు. ఆమె నిలబడే కాడ చెక్క పలక, దాని మీద మడతపెట్టిన గోనెసంచి.

"గిదెందుకక్కా?"

"ఉత్త నేల మీద నిలబడి గింజలు పోసే తొట్టి ముడితే చెయ్యి జుమ్మంటది. మొన్నటి వానకు గోడ కూలితే కట్టిచ్చిన కదా, గప్పటి నుంచి. చెక్క మీదైతే ఏం గాదు."

గంగాకిషన్ ఇంటికి పోయి కరెంటు కొలిచే మీటర్ తెచ్చి, ఒక తీగ తొట్టికి, ఒక తీగ ఎనుక నల్లా పైపుకు ఆనిచ్చి, మోటర్ ఆన్ చెయ్యమన్నడు. సూది చాన దూరం లేచింది.

"బంద్ చెయ్ అక్కా. ముట్టకు. మెయిన్ కూడ దించు."

ఎనుకకు పోయి మట్టి తీసి చూస్తే కొత్త గోడ కిందనే ఎర్త్ తీగ తెగి ఉన్నది. పునాది తవ్వినప్పుడు తెంపి, మేస్త్రీలు దాని మీదనే మట్టి కప్పిండ్రు. మోటర్ లోపల ఎక్కడనో వైరు ఒలిసిపోయి కరెంటంత తొట్టిల నిలబడుతుంది. నేల ఎండి ఉండబట్టి, కాళ్ల కింద చెక్క ఉండబట్టి ఇన్నిరోజులు గడిచింది.

సాయవ్వ గడప మీద కూలబడ్డది. "పండుగ పూట నీళ్లు పోసి గిర్నీ కడుగుదామనుకున్న తమ్మీ," అన్నది మెల్లగ. తార వచ్చి ఆమె పక్కన కూసున్నది.

కరెంటు పని చేసే ఎంకటి వచ్చి మోటర్ ఇప్పి, ఒలిసిపోయిన వైరు మార్చిండు. గంగాకిషన్, ఆయన కలిసి ఎనుక గుంత తీసి, బొగ్గు, ఉప్పు ఏసి కొత్త ఎర్త్ పాతిండ్రు. గిర్నీ మళ్ల మొదలైననాడు సాయవ్వ చెక్క పక్కకు జరిపింది గని, తొట్టి మీద చెయ్యి పెట్టనీకి ఎనుకాముందాడింది. గంగాకిషన్ ముందుగల తన చెయ్యి పెట్టిండు. అప్పుడు ఆమె పెట్టింది.

లింకు తెగుడు సగానికి సగం తగ్గింది గని పూర్తిగ పోలే. వైరును గోడకు దూరంగ, ఇంటి ఇంకో మూల నుంచి దించినంకనే కుదురుకున్నది.

ఈ సంగతి మార్కెట్ల పాకింది. పెర్కిట్ దిక్కు నుంచి ఇంకో గిర్నీ నడిపేటాయన మీటర్ పట్టుకొని రమ్మన్నడు. తర్వాత బావుల కాడి మోటర్లు, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ములు. గంగాకిషన్ సైకిల్ మీద పోయి, తీగలు ఆనిచ్చి, సూది చూసి, ముట్టొచ్చో ముట్టొద్దో చెప్పి వచ్చేటోడు. గాలిపంక కిషన్ అని నవ్వినోళ్లు కూడ వర్షాకాలం ముందు ఇంటికొచ్చి, "మా మోటర్ ఒకసారి చూసిపో అన్నా," అని అడగబట్టిండ్రు.

ఆయన లేనప్పుడు తెర చూసుడు తార వంతైంది. లింగం వచ్చి అడిగితే ఆమెనే లోపలికి పోయి గీత చూసొచ్చి చెప్పేది. ఆమె ఒక్క మాట ఎక్కువనే చెప్పేది. "బరువు తగ్గింది. నన్నడిగితే, పసుపు కప్పుకునుడే మంచిది."