కొంగుతో కాపడం

పెళ్ళయి భుయ్యాడీహ్ పేటకి వచ్చేసరికి మా కాపురానికి దక్కింది ఒక గది, ఒక వసారా, ఒక అత్తగారు. రాత్రిపూట నేనూ అత్తమ్మా గదిలో, మా ఆయన వసారాలో. ఇక పగలంటారా, ఆవిడ ఎదుట మొగుడి పక్కన కూర్చోకూడదు, పేరెట్టి పిలవకూడదు, అన్నం వడ్డించడానికి తప్ప దగ్గరికి వెళ్ళకూడదు. మా శ్రీకాకుళం వైపు మర్యాద అది. పొలం, పుట్ర అన్నీ అక్కడే వదిలేసి వచ్చాం గానీ ఆ మర్యాద మాత్రం మాతోపాటే రైలెక్కి జంషెడ్‌పూర్ వచ్చేసింది.

దానికి ఒకే ఒక్క మినహాయింపు కంట్లో నలక. మా ఆయన కార్ఖానాలో కాంట్రాక్టు కింద గ్రైండింగు పని చేసేవారు. ఇనుప రజను ఎగిరి కంట్లో పడేది. ఎర్రబడ్డ కన్ను మూసుకుని వచ్చి పీట మీద కూర్చుంటే మా అత్తమ్మే అనేది, "సూత్తా నిలబడ్డావేటే? ఎల్లి కాపడం పెట్టు." నేను చీర కొంగు ఉండచుట్టి, నోటితో వెచ్చగా ఊది, ఆయన కంటికి అద్దేదాన్ని. ఆయన ఊపిరి నా చెంపకి తగిలేది. మా దాంపత్యమంతా ఆ కన్ను చుట్టూనే సాగింది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ కాసేపంటే ప్రాణం. షిఫ్టు సైరను మోగగానే గుమ్మం వైపు చూసేదాన్ని. మొగుడి కంట్లో ఇనుము పడాలని కోరుకున్న ఇల్లాలిని లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆదివారాలు మా ఆయన, నాటకాలకి తెరలు రాసే ఒక బెంగాలీ మాస్టారి దగ్గర నూనె రంగులు నేర్చుకునేవారు. చేయి కుదిరాక మా పేటవాళ్ళు పనులిచ్చారు. అన్నీ పోయినవాళ్ళ బొమ్మలే. అరిగిపోయిన ఫోటో తెచ్చిచ్చేవారు. ఈయన దాన్ని పెద్దది చేసి, బుగ్గలకి కాస్త రంగు పెంచి ఇచ్చేవారు. బతికుండగా ఎవరికీ అంత నిగారింపు ఉండేది కాదు. చివరికి నూనె రంగుల బొమ్మంటే మనిషి పోయినట్టే లెక్క అయిపోయింది మా పేటలో.

అలాంటి మనిషి ఒక చలికాలం సొంతంగా ఒక బొమ్మ మొదలుపెట్టారు. నాకు చూపించలేదు, మాస్టారింట్లోనే వేశారు. ఉగాదికి మా పేట తెలుగువాళ్ళు పందిరి వేసి, పిల్లలు గీసిన బొమ్మలూ ఆడవాళ్ళ కుట్లూ పెడితే, దీన్ని కూడా తెచ్చి మధ్యలో తగిలించారు. నేను మొదటిసారి చూసింది అందరితోపాటే.

పీట మీద తల వెనక్కి వాల్చిన మగవాడు. అతని ముఖం మీదికి వంగిన ఆడది. లాంతరు వెలుగు ఇద్దరి బుగ్గల మీదా పడుతోంది. బొమ్మ చాలా బాగుంది, చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆడదాని చెవి కింద నా పుట్టుమచ్చ దిద్దినట్టు ఉంది. కొంగు మాత్రం నీడలో కలిసిపోయింది. కొంగు కనబడకపోతే ఇక చూసేవాళ్ళకి మిగిలేదేమిటి? ముద్దు. సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు. మా ఆయన రెండిటినీ ఒకే గుడ్డ మీద వేసి పందిట్లో తగిలించారు.

ముందుగా ఒక ముసలమ్మ వచ్చింది. నూనె బొమ్మ కనబడగానే అలవాటు కొద్దీ చేతిలోని బంతిపూల దండ దానికి వేసేసి, "అయ్యో, మొగుడూ పెళ్ళాం ఒక్కసారే పోనారేటమ్మా?" అని నన్నే అడిగింది. వెనకనున్న కుర్రాళ్ళు "అరే, పూరా ఫిలిం హై!" అని ఈలలు వేశారు. పందిరి పెద్ద పరుగున వచ్చి మా ఆయన్ని పట్టుకున్నాడు. "ఆడపిల్లలు తిరిగే కాడ ఇదేటి బావూ? గోడకేసి తిప్పీ!" ఇంతలో ఎవరో నా పుట్టుమచ్చ చూశారు. బొమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూడ్డం మొదలైంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పరువు మాట అలా ఉంచండి, నా భయం వేరు. మా అత్తమ్మ ఇది చూసిందంటే రేపట్నుంచి ఆ కాపడం తనే పెడుతుంది. నాకున్న ఆ కాసేపూ పోతుంది.

ఆవిడ రానే వచ్చింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి బొమ్మని చాలాసేపు చూసింది. ముందు ఆ దండ తీసి పారేసింది. తర్వాత పందిరి పెద్ద వైపు తిరిగింది.

"ఏటి బావూ గోల? కంట్లో నలక పడితే కాపడం పెడతంది. మీ ఇంటికాడ మీ ఆడోళ్ళు పెట్టరేటి? పెట్టకపోతే అది నీ రాత."

పందిరి పెద్ద మాట మార్చేశాడు. తనకి మొదట్నుంచీ కొంగు కనబడుతూనే ఉందని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంటికి వస్తున్నప్పుడు దారిలో ఏడుపు ఆపుకోలేక, "నిజంగా కాపడమే అత్తమ్మా," అన్నాను. ఆవిడ నడక ఆపలేదు.

"ఊరుకోయే. పోయినేడు పనికాడ ఆడికి రజను పడకుండా కళ్ళద్దాలిచ్చినారు. ఇచ్చిన కాడ్నుంచి నలకలు ఇంకా ఎక్కువ పడతన్నాయి. నానేటి గుడ్డిదాన్నా?"

కళ్ళద్దాల సంగతి నాకూ తెలుసు. తెలిసే ఊదాను, ప్రతిసారీ.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ ఏటి అవతల మాంగో పేటలో ఉన్న కూతురింటికి బయల్దేరింది. అక్కడ పనీ లేదు, పండగా లేదు. "సందేళకి వత్తాను," అని గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి, తలుపు తనే దగ్గరగా లాగి వెళ్ళిపోయింది. ఆ తలుపు చప్పుడికి నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి.

ఇల్లంతా మాదే. ఆయన పీట మీద, నేను పొయ్యి దగ్గర. పేటంతా చూసేలా మమ్మల్ని పందిట్లో నిలబెట్టిన మనిషి, ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరికి రాలేక, గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ కూర్చున్నారు. ఎంతసేపు చూసినా కదలరే! నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి ఆయన ముఖం రెండు చేతుల్లోకీ తీసుకున్నాను.

ఆయన బెదిరిపోయారు. "కంట్లో ఏటీ పడనేదు," అన్నారు.

"నాకు తెల్సు," అన్నాను.