లైనింగ్ తీసేసిన జాకెట్టు

అమీర్‌పేటలో బట్టలు కుట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో హాస్టల్ అమ్మాయిల చుడీదార్లు కుట్టేదాన్ని. తర్వాత పెళ్లి జాకెట్లు పట్టుకున్నాను. సినిమా ఆఫీసులుండే శ్రీనగర్ కాలనీ పక్కనే కాబట్టి ఆ తర్వాత సినిమావాళ్ల పని కూడా వచ్చింది. సినిమావాళ్ల పని అంటే బంధువులు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. నేను చూసిన సినిమా ఇంతే: ఎదురుగా ఒక అమ్మాయి, నా చేతిలో టేపు, కర్టెన్ అవతల నిలబడి ఆ అమ్మాయి ఒళ్లు ఎంతవరకు కనబడాలో చెప్పే ఒక మగ గొంతు.

ఈమధ్య టీవీలోనూ ఫోన్లలోనూ ఒకటే వాదన. కుర్ర హీరోయిన్లు ఒళ్లు కనబడే ఫొటోలు దిగడం స్త్రీ స్వేచ్ఛా, స్త్రీకి చేటా? రెండు పక్షాలవాళ్లూ గొంతు చించుకుంటున్నారు. వాళ్లలో ఎవరూ ట్రయల్ రూములో నిలబడ్డవాళ్లు కారు. నేను నిలబడ్డాను, గుండుసూదులు నోట్లో పెట్టుకుని.

ఆ అమ్మాయిది వరంగల్. నా దగ్గరికి వచ్చేనాటికి ఇరవై మూడేళ్లు. రెండు సినిమాల్లో హీరోయిన్ చెల్లెలిగా వేసింది, ఇంకోదాంట్లో పెళ్లిలో డాన్సు చేసే గుంపులో ముందు వరసలో ఉంది. వెంట మేనేజర్ వచ్చాడు. నల్ల కళ్లద్దాలు లోపలికొచ్చినా తియ్యడు. ఫొటోషూట్ కోసం జాకెట్టూ లెహంగా కావాలన్నాడు. ఫోన్ తీసి బొంబాయి హీరోయిన్ ఫొటో ఒకటి నా ముఖం ముందు పెట్టాడు.

"అక్కా, గిట్లనే కావాలె. జర కూడ తేడా రావద్దు," అన్నాడు. "మన తెలుగు పోరిలంటే పెద్ద డైరెక్టర్లకు చిన్నచూపు. పద్ధతిగ ఉంటరు, పనికి రారంటరు. ఈ ఒక్క షూట్‌తోని గా మాట పోవాలె."

పద్ధతిగా ఉంటే పనికిరాని పని ఏంటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొలతలు తీసుకుంటుంటే ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "ఆంటీ, లోపల ఒంటి రంగు నెట్ వేస్తరా? కెమెరాల కనిపియ్యదు కద. నాకు జర ధైర్యంగ ఉంటది."

వేస్తానన్నాను. నిజానికి ఆ నెట్ కోసం బేగంబజార్ దాకా వెళ్లి ఆ పిల్ల ఒంటి రంగుకి సరిపోయేది వెతికి తెచ్చాను. అతుకు తెలియకుండా కుట్టి, లోపల రెండు వరసల హుక్కులు పెట్టాను. చేత్తో తడిమితే తప్ప నెట్ ఉందని తెలియదు. పనితనానికి నాలో నేనే మురిసిపోయాను.

వారం తర్వాత ట్రయల్‌కి వచ్చారు. నేను మోకాళ్ల మీద కూర్చుని అంచు సరిచేస్తున్నాను. కర్టెన్ అవతల నుంచి మేనేజర్ పాఠం అప్పజెప్పించుకోవడం మొదలుపెట్టాడు.

"ఇంటర్వ్యూల అడుగుతరు, గిట్లాంటి బట్టలెందుకేసిన్రు అని. ఏం జెప్పాలె?"

"ఇది నా బాడీ, నా చాయిస్."

"ఇంకా?"

"ఐ ఫీల్ ఎంపవర్డ్."

"గట్ల ఏడుపు మొహంతోని చెప్తే ఎవరు నమ్ముతరు? నవ్వుకుంట చెప్పు."

అద్దంలో చూసుకుంటూ ఆ అమ్మాయి నవ్వింది. మళ్లీ చెప్పింది. మూడోసారికి ఆయన బాగుందన్నాడు. తర్వాత అదే గొంతుతో, "అక్కా, ముందట ఇంకో రెండించులు దించు," అన్నాడు.

"అమ్మాయిని అడగండి," అన్నాను.

"ఆమెను అడిగేదేముందక్కా? ఆమెకు ఓకే."

"ఓకేనా అమ్మా?" అని నేనే అడిగాను. ఆ అమ్మాయి నేల చూస్తూ తల ఊపింది. నా బాడీ, నా చాయిస్ అని ఆ నోటితో అనిపించి ఇంకా ఐదు నిమిషాలు కాలేదు. నేను రెండంగుళాలు దించాను. కత్తెర నాదే, చెయ్యీ నాదే. ఆ సంగతి దాచి వేరేవాళ్లని వెక్కిరించడం నాకు చేతకాదు.

షూట్ రోజు నన్నూ రమ్మన్నారు. పని నాజూకైంది, తొడిగేటప్పుడు ఎక్కడైనా పట్టేస్తే సరిచెయ్యాలి. స్టూడియోలో పన్నెండు మంది మగవాళ్లు ఉన్నారు. వాళ్లలో లైట్లు పట్టుకున్నవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లు ఏం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. పది ఫొటోలు తీశాక ఫొటోగ్రాఫర్ లైటు కింద నెట్ మెరుస్తోందన్నాడు. మేనేజర్ నా సంచీలోంచి కత్తెర తీశాడు. అడగలేదు. "తీసెయ్ అక్కా, ఐదు నిమిషాల పని," అని నాకు అందించాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. వద్దని నేను అంటానేమోనని చూసింది. ఈ మేనేజర్ చేతిలో ఇంకో నలుగురు అమ్మాయిలున్నారు, వాళ్ల బట్టలన్నీ నా దగ్గరికే వస్తాయని అతను అంతకుముందే చెప్పి ఉన్నాడు. కత్తెర అందుకున్నాను. పక్క గదిలోకి తీసుకెళ్లి, నేను రెండు రోజులు కూర్చుని కుట్టిన నెట్‌ని హుక్కులతో సహా కోసేశాను. ఆ అమ్మాయి భుజాలు చల్లగా ఉన్నాయి. ఏసీ వల్ల అనుకున్నాను.

ఆ ఫొటో, కింద జనం రాసిన బూతులతో సహా, ఫోన్లలో ఊరేగింది. తర్వాత ఒక సెల్‌ఫోన్ల షాపు దాన్ని కొని పంజాగుట్ట చౌరస్తాలో పెద్ద హోర్డింగు పెట్టించింది. అందులో సెల్‌ఫోన్ ఎక్కడుందో వెతికితే గానీ కనబడదు, కుడి పక్కన కింద మూల చిన్నగా ఉంది.

హోర్డింగు పడిన నాలుగో రోజు నేను ఆటోలో వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. సంస్కృతిని కాపాడే సంఘమట, ఓ పదిమంది హోర్డింగు కింద నినాదాలు చేస్తున్నారు. కండువా వేసుకున్న పెద్దమనిషి మైకులో మన ఆడపడుచుల గౌరవం మంటగలిసిందని బాధపడుతున్నాడు. నినాదాలయ్యాక ఒక్కొక్కరూ వెళ్లి ఆ హోర్డింగు వెనక పడేలా నిలబడి ఫొటోలు దిగారు. ఒకతను ఫోన్లో తన ఫొటో చూసుకుంటూ, రెండు వేళ్లతో పెద్దది చేసుకున్నాడు. పెద్దది చేసుకున్నది తన ముఖాన్ని మాత్రం కాదు. నా ఆటో డ్రైవర్ అది చూసి, "గీళ్లు గౌరవం కాపాడుతుండ్రంట," అని బయటికి ఉమ్మేశాడు. ఆ రోజు నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

గొడవ పెద్దదవడంతో సోమాజిగూడలో ఒక టీవీ ఛానల్ ఆ అమ్మాయిని చర్చకి పిలిచింది. పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇయ్యాల చీర కట్టియ్యాలె అక్కా. ఫ్యామిలీలు జూస్తరు."

నిండు చేతుల జాకెట్టు, జరీ అంచు చీర. కుచ్చిళ్లు సర్ది నేను కెమెరాల వెనక నిలబడ్డాను. ఒకవైపు కండువా పెద్దమనిషి, ఇంకోవైపు నేత చీర కట్టుకున్న, స్త్రీల హక్కుల మీద పుస్తకాలు చదివిన ఒక మేడమ్. మధ్యలో ఈ పిల్ల. యాంకర్ ప్రశ్న అడగ్గానే పిల్ల నవ్వింది. నా బాడీ, నా చాయిస్ అంది. ఎంపవర్డ్ అంది. నా ట్రయల్ రూములో ఎలా వచ్చిందో అచ్చం అలాగే వచ్చింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మేడమ్ గారు ముచ్చటపడిపోయి, కొత్త తరం గొంతు ఇలాగే ఉంటుందన్నారు. కండువా ఆయన సిగ్గులేనితనం అన్నాడు. ఈ చర్చ నడిచినంతసేపూ వాళ్ల వెనక తెర మీద ఆ ఫొటోయే. కొంచెం మసక వేశారు. చర్చ చప్పబడినప్పుడల్లా ఆ మసక తీసేశారు.

అయిపోయాక కండువా ఆయన, మేడమ్ గారు, యాంకర్ ముగ్గురూ టీ తాగుతూ ఈ రోజు బాగా వచ్చిందని ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి మేకప్ రూములో కూర్చుంది. "ఆంటీ, మా నాన్న జూసిండేమో," అంది. చీర విప్పి మడతపెట్టాను.

నా వంతు ఆదివారం వచ్చింది. మా చర్చిలో స్త్రీల కూడికలో పాటలు పాడించేది నేను. ఆ జాకెట్టు కుట్టింది నేనేనని అక్కడ అందరికీ తెలుసు. ప్రార్థన అయ్యాక చర్చి సంఘం పెద్ద ఒకాయన పక్కకి పిలిచారు.

"చెల్లెమ్మా, అలాంటి వస్త్రాలు కుట్టినవారు పాటలు నడిపించడం మంచి సాక్ష్యం కాదని సంఘం అనుకుంటోంది," అన్నారు.

"ఏ వస్త్రాలండీ?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ముందు ఎంత దిగింది, భుజం మీద పట్టీ ఎంత సన్నం, వీపు మీద దారాలు ఎన్ని, అన్నీ చెప్పారు. హోర్డింగు మీద ఉన్నది ఎదురుగా నిలబడ్డ ఫొటో. వీపు కనబడే ఫొటో ఫోన్లలో బాగా లోపలికెళ్లి వెతికితేనే దొరుకుతుంది. "దారాలు మూడు కాదండీ, నాలుగు," అన్నాను. ఆయన దగ్గి బైబిలు చంక మార్చుకున్నారు. ఆ వారం నుంచి పాటలు ఇంకొకరు పాడిస్తున్నారు.

ఇంతవరకు అందరి మీదా నాకు కోపమే. నేను కాస్త వేరే మనిషినని లోపల ఎక్కడో అనుకుంటూ ఉండేదాన్ని. అదీ పోయింది.

నాలుగైదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. మెట్రోలో వచ్చిందట, ముఖానికి చున్నీ చుట్టుకుని. స్నేహితురాలి పెళ్లికి జాకెట్టు కావాలంది. ఎలా కావాలో చెప్పింది. వీపు మొత్తం ఖాళీ, నడుం దగ్గర ఒక ముడి.

నాకు ఒళ్లు మండింది. "అంత గొడవైంది కదమ్మా, మళ్లీనా? వీపు నాలుగంగుళాలు పైకి పెడతాను, మెడ కూడా కాస్త మూస్తాను. మంచి లైనింగ్ వేస్తాను. పెళ్లిలో పదిమందీ చూస్తారు."

ఆ అమ్మాయి చున్నీ తీసి కుర్చీ మీద వేసి నన్నే చూసింది. "ఆంటీ, మీరు సుత మేనేజర్ లెక్కనే మాట్లాడుతున్నరు. ఆయన దించుమన్నడు, మీరు ఎక్కిస్తనంటున్నరు. నాకెట్ల కావాల్నో నేను జెప్పిన కద."

ఆ అమ్మాయి నా మెడలోంచి టేపు తీసుకుని, అద్దం వైపు వీపు తిప్పి, ఎక్కడిదాకా కావాలో వేలు పెట్టి చూపించింది. ఈసారి నేల చూడలేదు. మేనేజర్ని వదిలేశానని అప్పుడే చెప్పింది. హోర్డింగు ఫొటో తీసెయ్యమని అడిగితే, షూట్ ముందు రాసుకున్న అగ్రిమెంట్లో ఉంది కుదరదని సెల్‌ఫోన్ల షాపువాళ్లు అన్నారట. చదవకుండా సంతకం పెట్టింది.

ఆమె చెప్పినట్టే కుట్టాను. ఎంత బాగుందంటే, నా చేతిలో అంత మంచి జాకెట్టు కుదిరి చాలా రోజులైంది. పెళ్లిలో ఇంకో స్నేహితురాలు తీసిన ఫొటో ఒకటి ఆన్‌లైన్‌లో తనే పెట్టుకుంది. పెట్టిన మర్నాడు నాకు ఫోన్ చేసి, దాని కింద జనం రాసినవి కొన్ని చదివి వినిపించింది. అవే బూతులు. హోర్డింగు ఫొటో కింద రాసినవాళ్లే కొందరు పనిగట్టుకుని వచ్చి ఇక్కడ కూడా రాశారు. నచ్చి పెట్టుకున్న ఫొటోకీ బలవంతంగా దిగిన ఫొటోకీ ఆ మహానుభావులకి ఏ తేడా లేదు.

"మరి తీసేస్తావా?" అన్నాను.

"తియ్య. నేను మంచిగున్న దాంట్ల."

"ఎంపవర్డా?" అని ఊరికే అన్నాను.

"గా మాట అనకుండ్రి ఆంటీ, మేనేజర్ యాదికొస్తడు," అంది. "బాధయితది. అయినా ఉంచుత," అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఒక టీవీ సీరియల్లో చేస్తోంది. సినిమాలు రాలేదు. వరంగల్లో వాళ్ల నాన్న ఏడాది పాటు మాట్లాడలేదట, ఈమధ్యే పలకరించారట. హోర్డింగు ఎప్పుడో దించేశారు గానీ ఆ ఫొటో ఫోన్లలో అలాగే ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ఆ నెట్ కోసిన చెయ్యి నాది కాబట్టి ఆ ఫొటో ఎక్కడ కనబడ్డా నేను వేలితో పైకి తోసేస్తాను.

షాపులో ఒక పద్ధతి పెట్టాను. ట్రయల్ రూములోకి బట్ట వేసుకునే మనిషి తప్ప ఎవరూ రాకూడదు, కర్టెన్ దగ్గర నిలబడకూడదు, ఎక్కడిదాకా అన్నది ఆ మనిషి నోటితోనే చెప్పాలి. సినిమా పని చాలావరకు పోయింది. పోయిన నెల ఇంకో మేనేజర్ ఇంకో అమ్మాయిని తీసుకొచ్చాడు. బయట మెట్ల మీద కూర్చోమన్నాను. "మా పిల్లకేం తెల్వదు మేడమ్, నేనే జెప్పాలె," అన్నాడు. కుదరదన్నాను. అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆయన వెనకే వెళ్లిపోయింది. రెండు వీధుల అవతల ఇంకో షాపుకి వెళ్లారని తర్వాత తెలిసింది. అక్కడ సాయంత్రానికల్లా కుట్టి ఇచ్చేశారట.