చుక్కికి దక్కిన ఒక్క గుక్క

మా చిన్నప్పుడు... గేదె ఈనిందంటే దూడను పట్టుకునే పని నాది.

మాది కొల్లేటి ఒడ్డున ఊరు. పాకలో నాలుగు గేదెలు. ఆ రోజు పొద్దున్నే పెద్దగేదె ఈనింది... పెయ్యదూడ. నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. నాయనమ్మ దాన్ని గోనెపట్టాతో తుడిచి, మెత్తటి గిట్టల కొసలు గిల్లి, నా ఒళ్ళోకి తోసింది. "ఇది నీదేనే బుల్లీ, నువ్వే పెంచుకో" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పటికప్పుడే చుక్కి అని పేరు పెట్టేశాను.

తర్వాత పాలు పితకడం. దూడ ఒక గుక్క తాగితేనే గేదె చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. చేపగానే దూడను లాగెయ్యాలి. చుక్కి ఆ ఒక్క గుక్కా తాగింది. లాగేశాను. దానికి కాళ్ళింకా సరిగ్గా నిలవనేలేదు, అయినా పొదుగు వైపే గుంజుకుంటోంది...

"ఇంకొంచెం తాగనివ్వొచ్చు కదా నాయనమ్మా" అన్నాను.

"మొదటిరోజు పాలు మందమే. పసిపొట్టకి అరగవు, పారుకుంటుంది. రేపటినుంచి తాగుద్దిలే. గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. చెప్పిన మాట వినే పిల్లనని నాకు మంచి పేరు లెండి.

పచ్చగా, చిక్కగా ముర్రుపాలు... చెంబుల్లో పోసుకుని వీధంతా పంచి రావడమూ నా పనే. జున్నుపాలు ఇచ్చినవాళ్ళకు ఖాళీ చెంబు తిరిగివ్వకూడదంటారు కదా, తలో బెల్లంముక్క వేసి పంపారు. ఆ బెల్లం తడిపి, వేలికి రాసి, చుక్కి నోట్లో పెట్టాను. ఎంత ఆత్రంగా చీకిందో... వేలు నొప్పెట్టేసింది. అది ఆకలేనని నాకు తెలుసు. తెలిసీ, మధ్యాహ్నం జున్ను రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.

మూడోరోజుకి పారుకోవడం మొదలైంది.

"చూశావా, ఆ ఒక్క గుక్కకే" అంది నాయనమ్మ. దాంతో పాలు ఇంకా తగ్గించేశాం. నాన్న సైకిలు మీద వెళ్ళి పశువుల డాక్టరు గారిని తీసుకొచ్చేసరికి చుక్కి తల ఎత్తడం లేదు.

ఆయన దాని కనురెప్ప తెరిచి చూసి, "ఏవండీ, పుట్టగానే ముర్రుపాలు కడుపునిండా పట్టించారాండీ?" అని అడిగారు.

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ గుంజ వైపు చూసింది.

"రోగాన్ని తట్టుకునే శక్తి దానికి ఆ పాలల్లోంచే రావాలండీ. మొదటిరోజు దాటిపోయాక మన చేతుల్లో ఏముంటుందండీ" అన్నారాయన, మెల్లిగానే. సూదిమందు వేసి వెళ్ళారు. సాయంత్రానికి పోయింది, నా ఒళ్ళోనే.

దూడ లేకపోతే గేదె చేపదు. అందుకని చుక్కి తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కర్రకాళ్ళు పెట్టి పాకలో నిలబెట్టారు. పెద్దగేదె ఆ తెల్లమచ్చను నాకుతూ నాకుతూ పాలు దించేది... ఆ గడ్డిదూడను పట్టుకునే పనీ నాదే. దాన్ని గట్టిగా పట్టుకోనక్కర్లేదు. అది ఎటూ గుంజుకోదు.

నాయనమ్మ బతికినన్నాళ్ళూ మళ్ళీ జున్ను వండలేదు. నేను ఇప్పటికీ తినను.

పాక ఉన్నచోట ఇప్పుడు చేపల చెరువు. మొన్న పెదవేగి వైపు ఒక డెయిరీ ఫారానికి వెళ్ళాను. అప్పుడే పుట్టిన దూడకి ఒకమ్మాయి సీసాతో ముర్రుపాలు పట్టిస్తోంది. "గంటలోపే పట్టించెయ్యాలండీ. ఇది తాగాక మిగిలితేనే మనకండీ" అంది, మామూలుగా.

ఇంత చిన్న సంగతి... అక్కడే గడ్డిమోపుల పక్కన కూలబడి ఏడ్చేశాను, ఈ వయసులో. పాపం, ఆ అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఈ గ్రూపులో ఎవరు జున్ను ఫోటో పెట్టినా, "మా ఇంట్లో ఈనితే వీధంతా పంచేవాళ్ళం" అని కింద మురిసిపోతూ రాస్తుంటారు. అన్నీ చదువుతాను. మీ ఇంట్లో దూడను పట్టుకున్నది ఎవరు... దానికి ఎన్ని గుక్కలు దక్కాయి... గుర్తుంటే చెప్పండి.