పెద్దబాపు గడప ముందు మోగిన డప్పు

ఆ రోజుల్లో మా వరంగల్ మున్సిపాలిటీ దగ్గర ఉన్న ఆఖరి ఆయుధం డప్పు. ఇంటి పన్ను కట్టకపోతే ముందు నోటీసు వచ్చేది, దాన్ని పిల్లలు పడవ చేసి మోరీలో వదిలేవారు. ఆ తర్వాత బిల్ కలెక్టర్ వచ్చేవాడు, అతనికి చాయ్ పోసి సాగనంపేవారు. ఈ రెండూ పని చేయకపోతే డప్పు వచ్చేది. బాకీ ఉన్న ఇంటి ముందు నిలబడి నాలుగు దెబ్బలు వేసి, ఫలానా ఇంటివారు పన్ను కట్టలేదహో అని చాటితే చాలు, ఎంత మొండి మనిషైనా పొద్దుగూకేలోపు ఆఫీసు మెట్లు ఎక్కేవాడు. ఇప్పుడు ఫోనుకు మెసేజ్ వస్తుంది, చూసి తుడిచేస్తాం. సిగ్గుపడాలన్నా చుట్టూ నలుగురు ఉండాలి కదా!

మా మగ్గాల వాడలో ఇప్పటికీ ఒక పెద్దమనిషిని 'డప్పు పెద్దబాపు' అంటారు. పన్ను ఎగ్గొట్టి కౌన్సిలర్‌గా నిలబడబోతే మున్సిపాలిటీ ఆయన ఇంటి ముందు డప్పు కొట్టించిందని చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం తెలిసిన నేను ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. ఎందుకంటే ఆ డప్పును ఆ గడప ముందు నిలబెట్టింది నేనే.

ఎనభైల్లో మున్సిపల్ ఎలక్షన్లు పెట్టిన ఎండాకాలం అది. డిగ్రీ అయిపోయి, మీసం ఇంకా సరిగ్గా రాని వయసులో నేను టెంపరరీ బిల్ కలెక్టర్‌గా చేరాను. (టెంపరరీ అన్న మాటను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ వాడంతా తిరిగి 'మావోనికి సర్కారు నౌకరీ వచ్చింది' అని చక్కెర పంచింది.) మా పైన ఉన్న ఇన్‌స్పెక్టర్ కనపడకముందే ఆయన అత్తరు వాసన వచ్చేది కనుక ఆయన్ని అందరం అత్తరు సాబ్ అనేవాళ్లం. కౌన్సిలర్‌గా పోటీ చేసేవారికి మున్సిపాలిటీ బాకీ ఉండకూడదన్నది రూలు. ఎలక్షన్ అనగానే ఊళ్లో మోరీల గురించి, నల్లాల గురించి మైకుల్లో మాట్లాడే వాళ్లందరి బాకీలు ఒక్కసారిగా బయటపడ్డాయి. అత్తరు సాబ్ మురిసిపోయాడు. "అరే బేటా, వీళ్లు ఓట్లు అడగనీకి ఇంటింటికి తిరుగుతుండ్రు కదా, మనం వీళ్ల ఇండ్లకు తిరుగుదాం" అన్నాడు. అలా నాకు వచ్చిన ఇళ్లలో మా పెద్దబాపుది, కాకది ఒకటి. రెండు కాదు, ఒకటే. చిక్కంతా అక్కడే ఉంది.

వాళ్లిద్దరూ నాకు రక్తసంబంధం కాదు, వాడ వరస. జంపఖానాలు నేసే అన్నదమ్ములు, పెద్దబాపు అన్న, కాక తమ్ముడు. వాళ్ల నాయన పోయాక ఇల్లు పంచుకుని వాకిట్లో గోడ కట్టారు. గోడ సాగుతూ సాగుతూ నల్లా దగ్గరికి వచ్చింది. నల్లాను వదులుకోవడానికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోకపోవడంతో గోడే అక్కడ ఆగిపోయింది. ఇల్లు రెండైంది, గడపలు రెండయ్యాయి, పన్ను మాత్రం పోయిన నాయన పేరు మీదే, ఒకే ఇంటి నెంబరుతో వస్తూ ఉంది. "మగ్గాల సాల వానికి పోయింది, వాడే కట్టాలె" అని పెద్దబాపు. "నీళ్ల బాయి ఆయన దిక్కు వోయింది, ఆయననే కట్టాలె" అని కాక. పంచుకున్న నాటి నుంచీ ఎవరూ కట్టలేదు. ఇప్పుడు ఆ వార్డులో ఇద్దరూ కౌన్సిలర్ పదవికి పోటీ! పెద్దబాపు సభలో "ఈ వాడనంత ఒక్క కుటుంబం లెక్క జేస్త" అంటుంటే, గోడ అవతల నుంచి కాక మైకు "ముందు మా అన్నను నాతోని మాట్లాడుమనుండ్రి" అని అందుకునేది.

నేను అత్తరు సాబ్‌ను అడిగాను, ఇద్దరిలో ఎవరు కట్టాలని. "ఇంటి నెంబర్ ఒకటే, బాకీ ఒకటే. ఎవడు కట్టినా ఇద్దరు సాఫ్. ఎవడూ కట్టకుంటే ఇద్దరు ఇంట్ల కూసుంటరు, బస్" అన్నాడు. ఈ మాట అన్నదమ్ముల చెవిన పడటంతో కథ మరీ బిగిసింది. నేను పోయి అడిగితే పెద్దబాపు మగ్గం మీద నుంచి లేవకుండానే, "పైసలు లేక కాదురా కొడుకా. నేను కడితే వాడు సుత నిలబడ్తడు. నా పైసల్తోని నా మీద నిలబడ్తడా వాడు?" అన్నాడు. గోడ అవతలికి పోతే కాక కూడా సరిగ్గా అదే మాట. నామినేషన్ గడువు దగ్గర పడుతోంది, ఇద్దరూ పైసలు జేబులో పెట్టుకుని రెండోవాడు ఎప్పుడు కడతాడా అని ఎదురుచూస్తున్నారు. వాళ్ల ఆడవాళ్లు, తోడికోడళ్లయిన పెద్దమ్మ, చిన్నమ్మ మాత్రం నల్లా దగ్గర బిందెలు నింపుకుంటూ, "ఏందే యారాలా, ఇయ్యాలన్న కడ్తరా వీళ్లు?" "ఏడ, మావోడు రాత్రి నిద్రల సుత కట్ట అంటాండు" అని నవ్వుకునేవారు.

చివరికి అత్తరు సాబ్‌కు ఓపిక పోయింది. "దండోరా తాతను తీసుకపో" అన్నాడు. దండోరా తాత అంటే మున్సిపాలిటీ డప్పు ఆయనదే. తలపాగా, తెల్ల మీసాలు, దెబ్బ వేస్తే రెండు గల్లీల అవతల కుక్కలు లేచేవి. మేమిద్దరం మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. డప్పు కాచుకోవడానికి తాత వాడ మొదట్లో కాగితాలు మంటేసి కూర్చున్నాడు. పక్కన మిర్చి బండి దగ్గర కాక నిలబడి ఉన్నాడు. డప్పును చూశాడు, నన్ను చూశాడు, విషయం అర్థమైంది. వేడి వేడి మిర్చీలు కాగితంలో పెట్టి నా చేతికిచ్చాడు. "తిను బిడ్డా, మొఖం పీక్కపోయింది. జర ఒక మాట. డప్పు కొట్టుండ్రి, నేను వద్దంటలేను. గని మా అన్న గడప ముంగట కొట్టుండ్రి. నంబరు ఒకటేనాయె, ఏడ గొడితే ఏంది? నేను గెలిస్తే నీ టెంపరరీ పోయి పర్మినెంట్ అయితది, ఫికర్ చెయ్యకు."

ఇంతవరకు నేను ఎవరికీ చెప్పని మాట ఇదే. రూలు ప్రకారం రెండు గడపల మధ్య, గోడకు ఎదురుగా నిలబడాలి. మిర్చి నోట్లో ఉండగా, పర్మినెంట్ అన్న మాట చెవిలో ఉండగా, నా కాళ్లు వాటంతట అవే పెద్దబాపు గడప వైపు నడిచాయి. (తప్పు కాళ్ల మీదికి నెట్టడం నాకు అప్పటి నుంచే అలవాటు.) తాత డప్పు ఎత్తాడు. మొదటి దెబ్బకే వాడంతా బయటికి వచ్చింది. పెద్దబాపు కూడా వచ్చాడు, నవ్వుతూ. డప్పు తమ్ముడి కోసమే వచ్చిందనుకున్నాడు పాపం! అరుగు మీద నిలబడి చేతులు ఊపుతూ, "గట్టిగ కొట్టు తాతా, ఆ దిక్కు ఇనబడాలె!" అన్నాడు. తాత ఇంకా గట్టిగా కొట్టాడు. తర్వాత డప్పు ఆపి, గొంతు సవరించుకుని, ఇంటి నెంబరు చదివి, "ఈ ఇంటోళ్లు పన్ను కట్టలేదహో!" అని పెద్దబాపు ముఖంలోకి చూస్తూ చాటాడు.

పక్క అరుగు మీద కాక కండువాతో విసురుకుంటున్నాడు. అందరి కళ్లూ పెద్దబాపు మీద ఉన్నాయి, డప్పు ఎవరి ముందు ఉంటే బాకీ వాళ్లదే అన్నట్టు. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. నన్ను చూశాడు. నేను మిర్చి కాగితాన్ని వీపు వెనక దాచుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఏ దుడ్డుకర్రో తెస్తాడని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఇస్త్రీ అంగీ తొడుక్కుని, భుజాన కండువా వేసుకుని వచ్చాడు. తాతతో, "ఆపకు తాతా. నడువు, నా ఎనుక కొట్టుకుంట నడువు" అన్నాడు.

"ఎటు బిడ్డా?" అన్నాడు తాత.

"ఆఫీసుకు. కట్టలేదని ఇన్నోళ్లందరు కట్టిండని సుత ఇనాలె."

పెద్దమ్మ గడపలోంచి, "మరి మరిది సుత సాఫ్ అయితడు గదా!" అంది. "కానీ తియ్యి. వాడు నిలబడుడు కాదు, నేను నిలబడుడు ముఖ్యం ఇప్పుడు" అని ఆయన నడక మొదలుపెట్టాడు. ముందు ఆయన, వెనక డప్పు, ఆ వెనక నేను, నా వెనక వాడలోని పిల్లలంతా. ఇక్కడే ఆయన ఖర్మ కాలింది. ఎలక్షన్ రోజులు కదా, వాడ దాటగానే జనం దీన్ని ప్రచారం అనుకున్నారు. చౌరస్తాలో ఎవరో జై కొట్టారు. పూల దుకాణం ఆయన పరుగెత్తుకొచ్చి దండ వేశాడు. "అరే, నేను పన్ను కట్టనీకి పోతాన్న!" అని పెద్దబాపు మొత్తుకుంటుంటే, ఆ మాట డప్పులో కలిసిపోయింది. "మస్తు మాట్లాడ్తాండు, ఈయన్నే గెలిపియ్యాలె" అని ఒక ముసలామె దీవించింది.

చౌరస్తా దాటాక వెనక నుంచి పరుగు చప్పుడు వినిపించింది. కాక. చెప్పులు కూడా లేవు. తర్వాత తెలిసింది, గోడ అవతల చిన్నమ్మ బిందె కింద పెట్టి, "మీ అన్న మీ నాయన బాకీ కట్టనీకి పోతాండు. నువ్వు ఇసురుకో" అని ఒక్క మాట అన్నదట. కాక రొప్పుతూ వచ్చి అన్న పక్కన నడిచాడు. ఆఫీసు కమాను దగ్గరికి వచ్చాక, కాక నేలను చూస్తూ, "సగం నాది" అన్నాడు. "సాల నీదే గదా, సగం కంటె జరంత ఎక్కువనే ఉంటది" అన్నాడు పెద్దబాపు. "బాయి నీ దిక్కాయె, దాని లెక్క తీసెయ్యి మరి" అన్నాడు కాక. అత్తరు సాబ్ లేచి నిలబడి రసీదు వాళ్ల నాయన పేరు మీద రాశాడు. ఎవరి దగ్గర ఉంచాలో తెలియక ఇద్దరూ చెరో కొస పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

ఎలక్షన్లో ఇద్దరూ నిలబడ్డారు, ఇద్దరూ ఓడిపోయారు. ఓట్లు చీలి సైకిల్ టాక్సీ దుకాణం ఆయన గెలిచాడు. (ఆయన బాకీ లేడు, ఎందుకంటే ఆయనకు ఇల్లే లేదు.) నా టెంపరరీ ఆ వానాకాలంలోనే పోయింది, నేను కేసముద్రం మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేరిపోయాను. గోడ అలాగే ఉంది, కాని నల్లా దగ్గర నాలుగు ఇటుకలు తీసేసి బిందె పెట్టుకోవడానికి గద్దె కట్టారు. ఏటా ఇద్దరూ కలిసి పోయి పన్ను కట్టి రావడం వాడలో అందరూ చూశారు. అయినా పేరు మాత్రం పోలేదు. వాడలోని పెద్దవాళ్లు మొదటి డప్పు మాత్రమే విన్నారు. రెండో డప్పు విన్న ఊరివాళ్లు దాన్ని ఎలక్షన్ డప్పు అనుకున్నారు. ఆయన కోరుకున్న 'కట్టిండు' అన్న ఆ ఒక్క మాటను ఎవరూ చాటలేదు, ఎవరి చెవినా పడలేదు.

మొన్న కాక మనవరాలి పెళ్లికి పోయాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక పిల్లవాడు పెద్దబాపును చూపిస్తూ, "డప్పు తాత అని ఎందుకంటరు?" అని వాళ్ల నాన్నను అడిగాడు. "పన్ను ఎగ్గొట్టిండట బిడ్డా" అన్నాడు ఆయన మామూలుగా, విస్తట్లో పప్పు వేయించుకుంటూ. నేను విస్తరి ముందు నుంచి లేచాను. చేయి కడుక్కుని, పందిట్లో పక్కపక్కనే కూర్చున్న అన్నదమ్ముల దగ్గరికి పోయి, మిర్చీల దగ్గర నుంచి మొత్తం చెప్పేశాను. కాక పక్కకు తిరిగి దగ్గాడు. పెద్దబాపు నా వైపు తిరిగాడు.

"మిర్చీలకా?" అన్నాడు. "మిర్చీలకు అమ్మినవారా నన్ను? నన్నడుగకపోతివి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండి మరీ పెడుదు గదరా!" కాక ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. పెద్దబాపు నవ్వలేదు. కండువాతో కళ్లు తుడుచుకుని, "ఆ తాత ఇప్పుడు లేడు. డప్పు కొట్టెటోడు లేడు. నీకు రాసుడొస్తది గదా, రాయి. కట్టిండు అని రాయి" అన్నాడు.

రాశాను పెద్దబాపూ. మా పెద్దబాపు పన్ను కట్టాడహో! తమ్ముడిది కూడా తన మీద వేసుకుని కట్టడానికి నడిచాడహో!

ఆ రోజు పందిట్లోంచి నేను లేచి వస్తుంటే పెద్దబాపు వెనక్కి పిలిచి, "మడికొండల కొత్త ఇల్లు కట్టినవట గదా, దానిది కట్టినవా?" అని అడిగాడు. ఫోనులో నేను తుడిచేసిన పన్ను మెసేజ్ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ ఆఫీసు తెరవకముందే పోయి మెట్ల మీద కూర్చున్నాను. కూర్చున్నానే గాని, ఎండలో మిర్చి కాగితం దాచుకుంటున్న ఆ మీసం రాని పిల్లవాడు కళ్లముందుకు వచ్చి నవ్వు ఆగలేదు. లేచి, పెద్దబాపు లాగే, అంగీ ఒకసారి సవరించుకున్నాను.