ఉగాండాకు కొన్న ముతక దుప్పటి

సుబ్బూ, ఉగాండాలో ఓడ దిగుతామన్నావే, ఆ దేశానికి సముద్రమే లేదు. పక్క దేశంలోని మొంబాసా రేవులో దిగి రైలెక్కాల. ఉగాండాలో కాపురం చేసొచ్చిన ఖాసింబీ ఈ పొద్దు చెప్పింది. ఆడుండే మీ అక్కను చూడపోతాండాము కదా, ఆమె పక్కింటామెకని కొన్న ముతక దుప్పటి చూపించి, "అడవి మనుషులకు ఇది చాల్లే" అన్నాను.

ఖాసింబీ దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టింది. "అవ్వా, ఆడ నాకు కాన్పైనప్పుడు పక్కింటామె తన పండగ బట్ట చించి నా బిడ్డకు చుట్టింది."

సిగ్గేసి దుప్పటి పక్కన పెట్టేసినాను. ఆడ సింహాలు తిరుగుతాయా అని అడగాలనుకున్నదీ అడగనేలేదు. ఇంత మాటన్న నా నోటికి తాళం యాడ దొరుకుతుందో నువ్వే చెప్పు.

రేపు ఎమ్మిగనూరుకు పోయి ఇది వాపసిచ్చి, మనింటి పెళ్ళిలో పెట్టేటంత మంచి దుప్పటి తీసుకురా. రంగు మాత్రం ఖాసింబీని అడిగి పో.