కందుల బస్తాలో నీలం గింజ

కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘ పెద్ద వాగ్దానాల పెట్టె పట్టుకొని చర్చిలో వరసగా అందరి ముందుకూ వచ్చేవాడు. లోపల మడిచిన చీట్లు ఉండేవి. ఎవరి చేతికి వచ్చిన వాక్యం వాళ్లకు ఆ ఏడాదంతా దేవుడి మాట. ఆ ఏడు మా నాన్నకు సమృద్ధి గురించిన వాక్యం వచ్చింది. అదే మా కొంప ముంచినంత పని చేసింది.

అరవైల చివర, ప్రభుత్వ లాటరీలు కొత్తగా వచ్చిన రోజులవి. జగ్గయ్యపేట బస్టాండులో టిక్కెట్లమ్మే మనిషి అరుపు విని నాన్న ఒక టిక్కెట్టు కొన్నాడు. ఏమీ తగల్లేదు. "ఒక్కటి కొంటే ఏం వచ్చుద్ది? కట్ట కొనాలి" అని తేల్చేశాడు. కట్ట కొనాలంటే చూడితో ఉన్న గేదె పడ్డను అమ్మాలి. అది ఈనితే ఆ పాల డబ్బుతో నన్ను నందిగామలో ఉంచి హైస్కూలు చదివిస్తానని అమ్మ మాటిచ్చి ఉంది.

అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేనూ ఆయన కూతుర్నే.

పశువుల సంతకు ముందురోజు, ఎడ్ల కొమ్ములకు వేయగా మిగిలిన నీలం రంగు ఒక కందిగింజకు పూసి ఆరబెట్టాను. ఇంటి తిండికి ఉంచిన కందుల బస్తా మూతి విప్పి, నాన్న చూస్తుండగానే గింజ అందులో వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాను.

"ఇదే లాటరీ నాన్నా. అసలు బస్తా ఇంతకన్నా చాలా పెద్దది, నీకోసం తగ్గించా. పడ్డనమ్మితే వచ్చే కట్ట ఒక గుప్పెడనుకో. తియ్యి. నీలం గింజ వస్తే పడ్డను నేనే సంతకి తోలుకెళ్తా."

నాన్న నవ్వుతూ గుప్పెడు తీసి చేటలో పోసి వెతికాడు. లేదు. "మళ్లీ" అన్నాడు. ఆ గుప్పెడూ బస్తాలో పోసి మళ్లీ కలిపాను. లాటరీలో ప్రతిసారీ ఆట మొదటికే వస్తుంది, పోయినసారి పోగొట్టుకున్నాడు పాపమని ఎవరూ జాలిపడరు. గొడ్లకు నీళ్లు పెట్టే వేళ దాటినా ఆయన లేవలేదు. చివరికి చేట విసిరికొట్టాడు.

"దేవుడు వాగ్దానం ఇచ్చాడే! నీకు విశ్వాసం లేదు!"

భయం వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"చర్చిలో పెట్టెలో ఎవరు చెయ్యి పెట్టినా మంచిమాటే వచ్చుద్ది నాన్నా. ఒక్క ఖాళీ చీటీ అయినా ఉందా? ఇందులో ఒక్కటి తప్ప అన్నీ ఖాళీయే. అదీ ఇదీ ఒకటెట్టా అవుద్ది?"

ఆయన లేచి గొడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. మర్నాడు సంతకు వెళ్లలేదు గానీ, "వచ్చే సంతకి చూద్దాం" అన్నాడు. ప్రతి సంతకూ అదే మాట. సంత రోజున నేను పడ్డ పక్కనుంచి కదిలేదాన్ని కాదు.

పడ్డ ఈనింది. బళ్లు తెరిచే రోజులొచ్చాయి. నందిగామ వెళ్లడానికి నేను బట్టల పెట్టె సర్దుకుంటుంటే, అమ్మ బస్తా దులిపి అడుగున మిగిలిన కందులు చెరుగుతోంది. చేటలో నీలం గింజ కనపడింది.

"వచ్చిందయ్యో నీ బహుమతి!" అని అమ్మ కేక పెట్టింది. నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఇప్పుడే దొరకాలా అది?

నాన్న గింజను అరచేతిలో పెట్టుకొని ఖాళీ బస్తా వంక చూశాడు.

"బస్తా కందులూ తిన్నాక వచ్చింది" అన్నాడు.

దాన్ని పెరట్లోకి విసిరేసి, నా పెట్టె భుజానికెత్తుకొని బస్సు దగ్గరికి నడిచాడు.